ఇంజన్ మీద నంబరు ఒకటి, లోపల సామాను ఇంకొకటి

వేర్వేరు కాలాల ఇంజన్ల సామాను కలిపి ఒక ఇంజన్ కట్టడం తప్పా? తప్పని నేననను. కొలతలు చూడకుండా కలపడం తప్పు. కలిపింది కాగితం మీద రాయకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. గల్ఫ్‌లో గ్యారేజీల్లో పనిచేసే మనవాళ్లు ఈ సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. రేపు ఇంజన్ పట్టేస్తే మాట పడేది బండి యజమాని కాదు, స్పానర్ పట్టినవాడే.

నేను చదివింది మెకానికల్ డిప్లొమా, చేసేది కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్ పని. పాత బండ్లంటే ఇష్టం. అందుకే జర్మనీ కారు పోర్షే 911ని ఉదాహరణగా తీసుకుంటాను. 1964లో తయారీ మొదలైన ఈ కారుకి 1998 దాకా గాలితో చల్లబడే ఆరు సిలిండర్ల ఇంజనే ఉండేది. పైకి అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. దాంతో ఒకదాని సామాను ఇంకోదానికి పట్టేస్తుందని ఆశ.

కొంతవరకు నిజమే. 2.2 లీటర్ల ఇంజన్ క్రాంక్ స్ట్రోక్ 66 మి.మీ. 2.7 ఇంజన్ సిలిండర్ బోర్ 90 మి.మీ. రెండూ కలిపితే సుమారు 2,519 సి.సి. వస్తుంది, బాగా తిరిగే ఇంజన్. అయితే ఆ లావు సిలిండర్ 2.2 కేసులో దూరదు, బోరింగ్ చేయించాలి. పిస్టన్‌కీ వాల్వుకీ మధ్య సందు చూడాలి, కంప్రెషన్ లెక్కకట్టాలి. 3.0 క్రాంక్‌కి ఫ్లైవీల్ బోల్టులు తొమ్మిది, పాతవాటికి ఆరే. అక్కడ సుత్తి పనిచేయదు.

కంటికి కనపడని తేడా ఇంకా ప్రమాదం. 2.7 కేసు మెగ్నీషియంది. వేడికి అల్యూమినియం సిలిండర్లు, హెడ్లు స్టీలు స్టడ్లకన్నా ఎక్కువ సాగుతాయి. ఆ లాగుడికి మెత్తటి కేసులో మరలు ఊడి స్టడ్ బయటికొస్తుంది. అందుకే మరల చోట స్టీలు ఇన్‌సర్ట్‌లు వేయిస్తారు. 1978లో వచ్చిన 911 ఎస్.సి.కి కంపెనీయే అల్యూమినియం కేసు పెట్టింది.

కలపడం వల్ల మేలు జరిగిన సందర్భమూ ఉంది. పాత చైన్ టెన్షనర్ పాడైతే చైన్ వదులై, పిస్టన్లకు వాల్వులు తగిలి ఇంజన్ పోతుంది. 1984 మోడల్ కరేరాలో ఇంజన్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే టెన్షనర్ వచ్చింది. దానికి తగ్గ కవర్లు, ఆయిల్ పైపులతో సహా పాత ఇంజన్లకు దాన్ని బిగించుకున్నవాళ్లు చాలామంది. పాతదే పవిత్రం అనేవాళ్లు దీన్ని గమనించాలి.

మరి రాయడం ఎందుకంటారా? కరేరా 3.2 ఇంజన్ బోర్ 95, స్ట్రోక్ 74.4 మి.మీ. మొత్తం 3,164 సి.సి. 3.0 క్రాంక్‌కి 98 మి.మీ. సిలిండర్లు వేసినా 3,186 సి.సి. వస్తుంది. దాన్నీ 3.2 అనే అంటారు. కేసు మీద గుద్దిన నంబరు మాత్రం 3.0దే. ఐదేళ్ల తర్వాత ఆ బండి ఇంకో మెకానిక్ చేతికొస్తే ఏ రింగులు ఆర్డర్ చేయాలి? నంబరు నమ్మితే ఒక దెబ్బ, యజమాని మాట నమ్మితే ఇంకో దెబ్బ. కొన్నవాడికి చెప్పకుండా అమ్మితే అది మోసమే.

మా సైట్లో స్కాఫోల్డింగ్‌కి ట్యాగ్ లేకపోతే ఎవర్నీ ఎక్కనివ్వం. ఎవరు కట్టారు, ఎవరు చూశారు, ఏ రోజు అన్నీ దానిమీద ఉంటాయి. ఇంజన్‌కీ అలాంటి చీటీ ఎందుకు ఉండకూడదు?

కాబట్టి అన్నలారా, తమ్ముళ్లారా! యజమాని "ఏదో ఒకటి వేసేయ్, పర్లేదు" అన్నప్పుడు తల ఊపి ఊరుకోకండి. ఏ సంవత్సరం సామాను, ఏ కొలత, ఎక్కడ బోరింగ్ చేయించారు అన్నీ జాబ్ కార్డు మీద రాయండి. ఆయన చేత సంతకం పెట్టించండి. మూత వేసేముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పది నిమిషాల పని. గొడవొచ్చిన రోజున మన జీతాన్నీ, పేరునీ కాపాడేది ఆ కాగితమే.