బాపు జేబులో బడి

2020 సెప్టెంబరు 1న తెలంగాణలో ప్రభుత్వ బడి పిల్లల చదువు టీవీలోకి, ఫోనులోకి మారింది. కరోనాతో మూతపడ్డ బడులకు బదులుగా మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో పాఠాలు చెప్పారు. హోంవర్కు, సందేహాలు, హాజరు అన్నీ వాట్సాప్ గ్రూపుల్లో నడిచాయి. పై తరగతులకు 2021 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొన్ని వారాలు బడి నడిచింది. మిగతా కాలమంతా, 2021 సెప్టెంబరు 1 దాకా, చదువంటే ఫోనే.

గోదావరిఖని, రామగుండం కార్మికవాడల్లో ఆ చదువు ఎవరికి చేరిందో, ఎవరికి చేరలేదో ఆ రోజుల్లో ఇళ్లకు తిరిగిన కార్యకర్తలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంటికి ఒకటే స్మార్ట్‌ఫోను. అది ఇంటి మగవాడిది. ఓపెన్‌కాస్టులో మట్టి లారీ నడిపే కాంట్రాక్టు డ్రైవరుకు ఫోను లేకపోతే రేపటి పని ఉండదు. ఆయన ఫస్ట్ షిఫ్టుకు పోతే ఫోనూ ఆయన వెంటే పోతుంది. సాయంత్రం తిరిగొచ్చాక ముందు కొడుకు చేతికి వస్తుంది. కూతురి వంతు వచ్చేసరికి ఆమె నీళ్లు పట్టి, అంట్లు తోమి, తమ్ముణ్ని నిద్రపుచ్చి ఉంటుంది. అప్పటికి ఆ రోజు డేటా కూడా అయిపోతుంది. "అడిగితే బాపు తిడతడు" అన్న మాట ఆ రెండేళ్లలో మనం ఎన్ని గడపల్లో వినలేదు!

బొగ్గుబెల్టు ఆడపిల్లకు బడి అంటే పాఠాలు చెప్పే చోటు మాత్రమే కాదు. ఇంటి పని ఆగే చోటు. తన పేరుతో తనను పిలిచే చోటు. స్నేహితురాలితో మాట్లాడుకోగలిగే చోటు. ఆ బడిని ఫోనులో పెట్టడమంటే తీసుకెళ్లి బాపు జేబులో పెట్టడమే. తండ్రి దుర్మార్గుడు కాకపోయినా జరిగేది ఇదే. పన్నెండు గంటలు దుమ్ములో పనిచేసి వచ్చిన మనిషి చేతిలోని ఫోను మీద కూతురికి హక్కు ఉందని ఎవరూ ఆయనకు చెప్పలేదు, ఆమెకూ చెప్పలేదు.

ఈ విషయంలో మన రాష్ట్రం పరిస్థితి దేశ సగటు కంటే కూడా వెనకబడి ఉంది. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవారు దేశంలో 33.3 శాతం. తెలంగాణలో 26.5 శాతమే. మగవాళ్లలో మాత్రం తెలంగాణది 57.4 శాతం, దేశంలో 57.1 శాతం. అంటే సైబర్ నగరం ఉన్న రాష్ట్రమని చెప్పుకునే చోట మగవాళ్లు దేశంతో సమానంగా నడుస్తుంటే ఆడవాళ్లు వెనక ఆగిపోయారు. సర్వే జరిగిన తరువాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ 2024 నాటి అసర్ నివేదిక దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను అడిగినప్పుడు, స్మార్ట్‌ఫోను వాడటం వచ్చిన మగపిల్లల్లో 36.2 శాతం మందికి సొంత ఫోను ఉందని తేలింది. ఆడపిల్లల్లో అది 26.9 శాతం. వాడటం ఇద్దరికీ వచ్చు. సొంతం అనేసరికి తేడా బయటపడుతోంది.

కరోనా పోయింది, బడులు తెరిచారు, ఇక ఈ సమస్య ఎందుకని కొందరు మిత్రులు అడుగుతున్నారు. సమస్య పోలేదు, రూపం మార్చుకుంది. 2016 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాలు దోస్త్ ద్వారా ఆన్‌లైన్లోనే జరుగుతున్నాయి. దరఖాస్తుకు ఆధార్‌తో ముడిపడిన మొబైల్ నంబరు కావాలి. ఇంటర్ పాసైన అమ్మాయి ఆధార్‌కు ఉన్న నంబరు చాలా ఇళ్లలో తండ్రిదో అన్నదో. ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుందో, ఏ కాలేజీ, ఏ కోర్సు అన్న నిర్ణయం కూడా వారి చేతిలోకే పోతుంది. ఉపకార వేతనం దరఖాస్తు ఆన్‌లైన్లోనే. పరీక్షా ఫలితం ఆన్‌లైన్లోనే. ఇంతగా చదువును ఇంటర్నెట్‌తో ముడివేసిన ప్రభుత్వం, ఆ ఇంటర్నెట్‌ను ఆడపిల్లకు అందించే బాధ్యతను మాత్రం కుటుంబం మీద వదిలేసింది. కుటుంబం మీద వదిలేసిన ప్రతిదానిలోనూ ఆడపిల్ల వాటా ఎంతో మనకు తెలియనిది కాదు.

దీనికి మనం చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 2020 నవంబరులో షాద్‌నగర్‌కు చెందిన ఒక విద్యార్థిని ప్రాణం తీసుకుంది. ఢిల్లీలో లేడీ శ్రీరామ్ కాలేజీలో గణితం చదువుతున్న అమ్మాయి. తండ్రి మోటారు సైకిల్ మెకానిక్, తల్లి కుట్టు పని చేసేది. లాక్‌డౌన్లో ఇంటికి వచ్చి, ఫోనులో క్లాసులు వినలేక ల్యాప్‌టాప్ కావాలంది. రావలసిన స్కాలర్‌షిప్ సమయానికి రాలేదు. అప్పటికే అక్క చదువు ఖర్చు వల్ల చెల్లెలి బడి ఆగిపోయింది. తన చదువు ఇంటికి భారమని ఆమె అనుకుంది. భారం అన్న ఆ మాట ఆమె సొంతం కాదు. చదువును హక్కుగా కాక ఖర్చుగా లెక్కవేసే వ్యవస్థ దాన్ని ఆమె నోట పెట్టింది.

ఇక ఫోను చేతికి వచ్చిన అమ్మాయిల సంగతి. 'ఫోను ఇస్తే పిల్ల చెడిపోతుంది' అన్న మాట వాడల్లోనే కాదు, స్టాఫ్ రూముల్లోనూ వినిపిస్తోంది. ఫొటోలు మార్ఫింగ్ చేసి బెదిరించేవాళ్లు, మాయమాటలతో వలవేసేవాళ్లు ఉన్నమాట నిజం. అలాంటి సంఘటన జరిగినప్పుడు ఇంట్లో మొదట జరిగేది ఫోను లాక్కోవడం, తరువాత బడి మాన్పించడం, ఆపైన సంబంధం చూడటం. నేరం చేసినవాడి ఫోను వాడి చేతిలోనే ఉంటుంది. ఆమె పోలీసు మెట్లెక్కదు, 1930కి ఫోను చేయదు. చేయడానికి ఫోనే ఉండదు.

ఇక్కడ కేరళ హైకోర్టు 2019 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పును మనం గుర్తు చేసుకోవాలి. కోజికోడ్ జిల్లాలో డిగ్రీ చదువుతున్న ఫాహీమా షిరిన్ సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఫోను అప్పగించాలన్న హాస్టల్ నిబంధనను ఒప్పుకోలేదు. హాస్టల్ నుంచి పంపేశారు. ఆమె కోర్టుకు వెళ్లింది. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ, రాజ్యాంగం 21వ అధికరణ కింద ఉన్న గోప్యతా హక్కులోనూ భాగమని కోర్టు చెప్పింది. క్రమశిక్షణ పేరుతో చదువుకునే మార్గాన్ని మూసేయరాదంది. ఈ తీర్పు ఉందన్న సంగతి మన హాస్టళ్లలో ఎంతమంది అమ్మాయిలకు తెలుసు? ఎంతమంది వార్డెన్లకు తెలుసు?

బడికి యంత్రాలు రాలేదని కాదు. వచ్చాయి, ఆగిపోయాయి. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5 వేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్యను ప్రైవేటు సంస్థలకు ఐదేళ్ల ఒప్పందం మీద అప్పగించారు. ఒప్పందం ముగిసింది. కొద్దిపాటి జీతానికి పనిచేసిన బోధకులను ఇంటికి పంపారు. నడిపేవాళ్లు లేక కంప్యూటర్లు గదుల్లో పడి ఉండిపోయాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, వారి ఉపాధ్యాయులకు బైజూస్ పాఠాలతో 5.18 లక్షల ట్యాబులు పంచింది. రెండేళ్లు తిరగకుండానే, 2024 జులైలో, ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి పోయింది. 2025 ఫిబ్రవరిలో తెలంగాణలో ఆరు జిల్లాల ప్రాథమిక పాఠశాలల్లో కృత్రిమ మేధతో చదువు చెప్పే ప్రయోగం మొదలైంది. అందులో బొగ్గుబెల్టులోని భద్రాద్రి కొత్తగూడెం కూడా ఉంది. చదవడం, లెక్కలు వెనకబడ్డ పిల్లలకు అది ఉపయోగపడితే సంతోషమే. కానీ ఒప్పందం పోయాక ఏం మిగులుతుందన్న ప్రశ్న వేయకుండా ఏ కొత్త యంత్రానికీ హారతి పట్టవలసిన పని మనకు లేదు. విద్యలో సాంకేతికత ఎవరి షరతుల మీద అన్న ప్రశ్ననే 2023లో యునెస్కో తన ప్రపంచ విద్యా నివేదికకు శీర్షికగా పెట్టింది.

షరతుల్లో పిల్లల సమాచారమూ ఒకటి. 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ 49 దేశాల్లో ఆన్‌లైన్ చదువు సాధనాలను పరిశీలిస్తే, పదింటిలో దాదాపు తొమ్మిది పిల్లల వివరాలను సేకరించడమో సేకరించే వీలు కల్పించడమో చేస్తున్నాయని తేలింది. వాటిలో మన కేంద్ర ప్రభుత్వపు దీక్ష యాప్ కూడా ఉంది. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. మన ఇళ్లలో తల్లిదండ్రులు అంటే సంతకం పెట్టేది ఎవరో మళ్లీ చెప్పాలా?

మరి ఏం అడగాలి? ప్రతి పిల్లకూ ఒక ఫోను పంచమని అడగడం తేలిక. ఇంటికి పోయిన ట్యాబు వారం తిరక్కుండా అన్న చేతిలో ఉంటుంది. మనం అడగవలసింది ఇంటర్నెట్ బడిలో ఉండాలని, అది ఆడపిల్ల పేరున, ఆమె వేళకు అందాలని. విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలులో గ్రంథాలయం ఉంది, ఆటస్థలం ఉంది, మరుగుదొడ్డి ఉంది. కంప్యూటర్ గది గానీ ఇంటర్నెట్ గానీ లేవు. వాటిని చేర్చాలి. ప్రతి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేసే కంప్యూటర్ గది ఉండాలి. బడి వదిలాక ఒక గంట, సెలవు రోజుల్లో సగం పూట అది తెరిచి ఉండాలి. దాన్ని చూసుకోవడానికి స్థానికంగా చదువుకున్న ఒక మహిళను సరైన జీతం ఇచ్చి నియమించాలి. దోస్త్, స్కాలర్‌షిప్ దరఖాస్తులు అక్కడే, ఉచితంగా, అమ్మాయి సమక్షంలో పూర్తి చేయించాలి. ఫోనులో వేధింపు ఎదురైన పిల్ల భయం లేకుండా చెప్పుకోగల మనిషి బడిలో ఉండాలి. కేరళ ప్రభుత్వ బడుల్లో ఎన్నో ఏళ్లుగా చేస్తున్నట్టు, ఏ కంపెనీకీ కట్టుబడని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడాలి.

డబ్బు లేదంటారు. మిగతా జిల్లాల సంగతి ఏమైనా, ఈ మాట బొగ్గుబెల్టులో చెల్లదు. ఇంటర్నెట్ నడిచేది కరెంటుతో. ఆ కరెంటులో రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్లది పెద్ద వాటా. దానికి బొగ్గు మన కాళ్ల కింది నుంచే పోతోంది. దుమ్ము మనకు మిగిలింది, పేలుళ్లకు బీటలు వారిన గోడలు మనకు మిగిలాయి. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల దగ్గరకు వచ్చింది. ఆ స్థానంలో వచ్చిన కాంట్రాక్టు కార్మికుల పిల్లలు, పెద్దపల్లి ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చిన కూలీల పిల్లలే నేడు ప్రభుత్వ బడులకు మిగిలారు. 2015లో సవరించిన గనుల చట్టం ప్రకారం పాత లీజులున్న గనులు తాము కట్టే రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము జిల్లా ఖనిజ నిధికి జమ చేయాలి. గనుల వల్ల నష్టపోయిన ప్రాంతాల కోసం ఖర్చుపెట్టవలసిన డబ్బు అది. అందులో కనీసం 60 శాతం ప్రాధాన్య రంగాలకు వెచ్చించాలని అదే ఏడాది వచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి. ఆ రంగాల్లో విద్య ఉంది, స్త్రీ శిశు సంక్షేమం ఉంది. ఈ నిధి మన జిల్లాలో ఎంత వచ్చింది, దేనికి పోయింది, బడులకు ఎంత చేరిందన్న లెక్కలు సమాచార హక్కు కింద అడగవచ్చు. 2024 డిసెంబరులో మొదలైన టీ-ఫైబర్ ప్రయోగంలో పెద్దపల్లి జిల్లాలోని అడవి శ్రీరాంపూర్ ఒక గ్రామం. ఊరికి వచ్చిన తీగ బడి గదిదాకా వచ్చిందా, ఆ గదిలో ఆడపిల్లలు కూర్చుంటున్నారా అని వెళ్లి చూడవలసింది మనమే.

కాబట్టి ఈ సంచిక అందిన మిత్రులు తమ ప్రాంతంలో కనీసం ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు వెళ్లాలని కోరుతున్నాం. కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయో హెడ్‌మాస్టరు చెబుతారు. అక్కడితో ఆగవద్దు. తొమ్మిది, పది తరగతుల అమ్మాయిలతో విడిగా కూర్చుని అడగండి: గత నెలలో నీ అంతట నువ్వు ఎన్నిసార్లు కంప్యూటర్ ముట్టుకున్నావు? నీ ఆధార్‌కు ఉన్న నంబరు ఎవరిది? తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ఆ జవాబులు రాసి పంపండి. వాటితో జిల్లా కలెక్టరు ముందుకు వెళ్దాం. బాపు జేబులోంచి బడిని మళ్లీ బడికి తెచ్చుకునే పని అక్కడ మొదలవుతుంది.