మునిగిన ఊళ్ల మీద మన విహారం

ఈ మధ్య స్త్రీల యాత్రా వ్యాసాలు ఎక్కువగా వస్తున్నాయి. సంతోషమే. ఇల్లు, ఉద్యోగం, పిల్లల పరీక్షలు, అత్తగారి మోకాళ్ల నొప్పులు దాటుకుని పదిమంది ఆడవాళ్లు ఒక రోజు బయటపడటం ఎంత కష్టమో నాకు తెలుసు. నాయని కృష్ణకుమారి ‘కాశ్మీర దీపకళిక’ రాసిన కాలం నుంచీ మన యాత్రా రచనలో కొంత ధిక్కారం ఉంటూనే వచ్చింది. ఒక స్త్రీ కాలు బయటపెట్టి తాను చూసింది తన మాటల్లో రాయడమే అప్పట్లో పెద్ద సంగతి. కాబట్టి ‘ఆడవాళ్లకు షికార్లేమిటి’ అనేవాళ్ల పక్కన నన్ను నిలబెట్టకండి. నా తగువు వాళ్లతో ఎప్పుడూ ఉండేదే. ఇవాళ మాత్రం మనవాళ్లతో.

కొల్లాపూర్ దగ్గరి సోమశిల ఇప్పుడు అందరికీ తెలిసిన పేరు. పత్రికలు దాన్ని ‘మినీ మాల్దీవులు’ అంటున్నాయి. సముద్రం లేని పాలమూరుకు సముద్రతీరం దొరికినట్టు మురిసిపోతున్నాం. ఒక పడవ మొత్తం మాట్లాడుకుని, ఉదయం ఎక్కి సాయంత్రం దిగుతాం. మధ్యలో ఒక ‘ద్వీపం’లో చేపల పులుసు. అవతలి ఒడ్డున, ఇప్పటి నంద్యాల జిల్లాలో, సంగమేశ్వరం. నీళ్లు తగ్గిన కాలమైతే గుడి, నిండిన కాలమైతే గుడి ఉన్న చోట నీళ్లు. ఇంటికొచ్చి వ్యాసం రాస్తాం. వాటిలో నేను చదివినవన్నీ దాదాపు ఒకే మాటల్లో ఉన్నాయి: అలల మీద తేలిపోయాం, బంధనాలు తెంచుకున్నాం, ప్రకృతి ఒడిలో మళ్లీ ఆడపిల్లలమయ్యాం, కన్నెపిల్లలాంటి కృష్ణమ్మ.

నదిని కన్నెపిల్ల అనడంలో ఉన్న అసలు ఇబ్బంది అలా ఉంచుదాం. దాని మీద మనం ముప్ఫై ఏళ్లుగా రాస్తూనే ఉన్నాం, అయినా మన వ్యాసాల్లోకే తిరిగి వస్తోంది. నాకు కోపం తెప్పించింది ‘ప్రకృతి’ అన్న మాట. సోమశిల దగ్గర మనం చూస్తున్నది ప్రకృతి కాదు. అది శ్రీశైలం జలాశయం వెనక నీరు. 1963లో శంకుస్థాపన జరిగిన ఆనకట్ట 885 అడుగుల ఎత్తు వరకు నీళ్లు నిలబెడితే ఏర్పడిన చెరువు. మనం పులుసు తిన్న ద్వీపాలు ద్వీపాలు కావు, గుట్టల నెత్తులు. వాటి కింద చేన్లు, బాటలు, బావులు, మైసమ్మ గద్దెలు, పీర్ల కొట్టాలు ఉండేవి. అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు ఈ నీళ్లలో కలిశాయి. లక్ష మందికి పైగా జనం చెదిరిపోయారు. ఇవాళ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అని మూడు జిల్లాలుగా విడిపోయిన ఈ నది ఒడ్డంతా ఆ ముంపు గీతే.

1981 ఎండాకాలంలో ఆ ఊళ్లను ఖాళీ చేయించిన తీరుకు ప్రభుత్వ భాషలోనే ‘ఆపరేషన్ డిమాలిషన్’ అని పేరు. నీళ్లు వచ్చేదాకా కూడా ఆగలేదు. ఇళ్లు ముందే కూల్చేశారు. దీన్ని అప్పట్లో నిజనిర్ధారణ సంఘాలు నమోదు చేశాయి. పునరావాసమన్నది చట్టంలోనే లేని రోజులు. 1894 నాటి భూసేకరణ చట్టం భూమికి వెల కట్టమంది, మనిషిని ఏం చేయాలో చెప్పలేదు.

ఆ వేసవికి ముందూ వెనకా ఇదే నది ఒడ్డున ఇంకో తరలింపు కూడా జరిగింది. అది ఎంతో శ్రద్ధగా జరిగింది. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఏ రాయికారాయి విప్పి, అంకెలు వేసి, పటాలు గీసుకుని, అలంపురానికి తెచ్చి మళ్లీ పేర్చారు. పాపనాశి గుళ్లను అలాగే తరలించారు. సోమశిల గుళ్లూ, జటప్రోలు మదనగోపాలస్వామి గుడీ పైకి వచ్చాయి. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు మునగకుండా ఊరి చుట్టూ కట్ట పోశారు. ఆ గుళ్లను కాపాడటం తప్పని నేననడం లేదు. ఆ పని చేసిన పురావస్తు శాఖ వాళ్ల ఓపికకు దండం పెడతాను. నేనడిగేది ఒక్కటే. రాయికి నంబరు వేయడం తెలిసిన రాజ్యానికి మనుషుల జాబితా రాయడం ఎందుకు రాలేదు?

సోమశిల మెట్ల మీద బుట్టలో జామకాయలు పెట్టుకు కూచున్న ఒక ముసలామె ఈ మాటే నాకంటే బాగా చెప్పింది. “మా దేవున్ని గుట్టకెక్కిచ్చిండ్రు బిడ్డా, మమ్ముల లారీ ఎక్కిచ్చిండ్రు.” ఏ ఊరు అవ్వా అంటే చేయి చాపి నీళ్ల వైపు చూపించింది.

జాబితా రాశారు కూడా. అందులో ఎవరున్నారన్నది మన ప్రశ్న కావాలి. నష్టపరిహారం భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకు. పట్టా మగవాడి పేరున. వనపర్తి వైపు వీపనగండ్ల, చిన్నంబావి పల్లెల్లోనూ, కొల్లాపూర్ పల్లెల్లోనూ ఏటి ఒడ్డు తడి నేలలో కూరగాయలు, దోసకాయలు పెట్టుకుని, ఏటి గడ్డి కోసి బర్రెను మేపుకుని, ఎండిన చేపలు సంతలో అమ్ముకుని బతికిన ఆడవాళ్ల పేరున ఏముంటుంది? ఏటికి పట్టా లేదు. ఒడ్డుకు పట్టా లేదు. కాబట్టి వాళ్లు పోగొట్టుకున్నదేమీ లేదని లెక్క. కూలి చేసుకునే మాదిగ, మాల స్త్రీలకు రెండు తరాల పాలేరుతనం పోయింది, దాంతోపాటు ఆ పాలేరుతనం ఇచ్చే గింజలూ పోయాయి. వెల కట్టడానికి అవి ఏ రిజిస్టర్లోనూ లేవు.

ఒక తేదీని మనం సరిగ్గా గమనించలేదనుకుంటాను. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు ఇచ్చిన హిందూ వారసత్వ సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైంది. ఆ చట్టం గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం. దేశంలో 2005లో వచ్చిన దానికి ఇరవై ఏళ్ల ముందే మన దగ్గర వచ్చిందంటాం. నిజమే. కానీ కృష్ణ ఒడ్డు ఊళ్లు ఖాళీ అయింది 1981లో. కూతురికి హక్కు వచ్చేసరికి ఆ భూమి నీళ్ల అడుగున ఉంది. దాని తాలూకు డబ్బు తండ్రి చేతిలోంచి కొడుకు చేతిలోకో, సారా కొట్టు గల్లాపెట్టెలోకో, కోర్టు ఖర్చుల్లోకో చేరిపోయింది. ఒక చట్టం మేలు చేయకుండా దాటిపోయిన ఆడపిల్లలు ఎందరో ఎవరూ లెక్కించలేదు. స్త్రీల ఆస్తి హక్కు మీద పరిశోధన చేసే మిత్రులు ఇది తీసుకోవాలని నా విన్నపం.

1986లో వచ్చిన 98వ నంబరు జీవో నిర్వాసిత కుటుంబంలో ఒకరికి ఉద్యోగమంది. ఆ ఒక్క జీవో చుట్టూ నలభై ఏళ్లుగా ధర్నాలు, దీక్షలు, పాదయాత్రలు. లష్కర్ ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ వయసు దాటిపోయినవాళ్లు ఉన్నారు. ‘కుటుంబానికి ఒకరు’ అన్నప్పుడు ఆ ఒకరు ఎవరో మన సమాజంలో విడిగా చెప్పాల్సిన పనిలేదు. 2014 జనవరి 1 నుంచి అమలైన కొత్త భూసేకరణ చట్టం వితంతువులను, విడాకులు తీసుకున్నవారిని, కుటుంబం వదిలేసిన స్త్రీలను విడి కుటుంబాలుగా లెక్కించమంది. నీటి మీద ఆధారపడి బతికేవాళ్లనూ, పడవ నడిపేవాళ్లనూ కూడా నష్టపోయినవాళ్లే అంది. మంచి మాటలు. శ్రీశైలం ముంపు ఆడవాళ్లకు మూడు దశాబ్దాలు ఆలస్యమైన మాటలు. ఇదే కొల్లాపూర్ నేల మీద పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల కోసం నార్లాపూర్ జలాశయం కట్టారు, తండాలు మళ్లీ లేచిపోయాయి. అక్కడ ఈ నిర్వచనం ఎంతమంది లంబాడా స్త్రీలకు అందిందో అడగడానికి మనలో ఎవరైనా వెళ్లారా? లాంచీ ఎక్కడానికి వెళ్లాం.

ఇక పడవ సంగతి. ఈ నీళ్ల మీద రెండు రకాల పడవలున్నాయి. ఒకటి మనది. 2024 నవంబర్‌లో పర్యాటక శాఖ సోమశిల నుంచి శ్రీశైలానికి లాంచీ మొదలుపెట్టింది. 120 కిలోమీటర్లు, ఏడు గంటల ప్రయాణం, పెద్దలకు ఒకవైపు 2000 రూపాయలు. రోజుకింత అని మాట్లాడుకునే ప్రైవేటు పడవలు వేరే. రెండోది అవతలి ఒడ్డున కూతుర్ని ఇచ్చినవాళ్ల పడవ. ఆనకట్ట రాకముందు ఎండాకాలంలో ఏరు సన్నబడితే దాటిపోయే చోట ఇప్పుడు ఏడాదిలో ఎక్కువ కాలం కొన్ని కిలోమీటర్ల వెడల్పున నీళ్లు. రోడ్డున పోవాలంటే కర్నూలు చుట్టి రావాలి. పెళ్లికీ చావుకీ జాతరకూ పడవే గతి. నేను చూసిన ఒక రేవులో మన పడవలో అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చారు, బకిల్ పెట్టుకోకపోతే కసిరారు. పక్కనే బయల్దేరిన పడవలో రెండు మోటారు సైకిళ్లు, ఉల్లిగడ్డ బస్తాలు, చంటిపిల్లలతో ఆడవాళ్లు. ఒక్కరికీ జాకెట్ లేదు. అదే నది, అదే లోతు.

2007 జనవరి 18న సింగోటం జాతర భక్తులతో వెళ్తున్న పడవ మంచాలకట్ట దగ్గర మునిగింది. 61 మంది చనిపోయారు. సోమశిల-సిద్ధేశ్వరం వంతెన కావాలన్న కోరిక అప్పుడు ఆక్రోశంగా మారింది. పదిహేనేళ్ల తర్వాత, 2022 అక్టోబర్‌లో, 1082 కోట్లతో వంతెనకు కేంద్రం ఆమోదం ప్రకటించింది. ఆ ప్రకటనలో ఏముందో చూడండి: తీగల వంతెన, గోపురం ఆకారంలో స్తంభాలు, ప్రత్యేకమైన దీపాలంకరణ, నడిచేవాళ్లకు గాజు నడవ. జాతరకు పోయి రాలేకపోయినవాళ్ల వంతెన కాగితం మీదకు వచ్చేసరికి మనలాంటివాళ్లు కిందికి చూసి కేరింతలు కొట్టే గాజు నడవ అయింది. వంతెన రావాల్సిందే, రేపటికంటే ఇవాళే రావాలి. దాన్ని కోరినవాళ్లు మాత్రం గాజు అడగలేదు.

సాహిత్యం చదువుకున్నవాళ్లం కాబట్టి మన ఇంటి సంగతి కూడా ఒకటి. సంస్థానాల సాహిత్య పోషణ గురించి మనందరం పరీక్షలు రాశాం. తూమాటి దొణప్ప గ్రంథం చదివాం. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు అని వరసగా అప్పజెప్పగలం. ‘చంద్రికా పరిణయం’ రాసిన సురభి మాధవరాయలు జటప్రోలు ప్రభువని చెప్పగలం. ఆ పాత జటప్రోలు ఎక్కడుందని మా తరగతిలో ఎవరూ అడగలేదు. ప్రబంధాల్లో పురవర్ణన లక్షణాలు నేర్చుకుంటున్నప్పుడు ఒక పురం నీళ్ల కింద ఉందని చెప్పిన పాఠం లేదు. ప్రభువుల పద్యాలు తాళపత్రాల్లోంచి అచ్చుకెక్కాయి. ఆ ఊళ్ల ఆడవాళ్లు నాట్లలో, తిరగళ్ల దగ్గర పాడుకున్నవి పాడేవాళ్లతోపాటు లారీలెక్కి ఎక్కడెక్కడికో పోయాయి. పాలమూరు లేబరుగా దేశమంతా కాంక్రీటు మోసినవాళ్లలో వీళ్లెందరో. ఆనకట్ట తమ ఒడ్డున ఉండీ, కల్వకుర్తి ఎత్తిపోతల పంపులు తిరిగేదాకా ఆ నీళ్లు తమ చేలకు రానివాళ్లు.

‘ఒక్క రోజు నవ్వుకుందామంటే ఇదంతా మోయాలా’ అని ఒక మిత్రురాలు అన్నారు. న్యాయమైన ప్రశ్నే. స్త్రీకి సరదా దొరికిన ప్రతిసారీ ఒక పాపభీతి అంటగట్టడం పితృస్వామ్యం పాత అలవాటు, అందులో నేను చేయి కలపను. నవ్వండి, ఈత వచ్చినవాళ్లు ఈదండి. కానీ సరదా వేరు, రచన వేరు. పడవ దిగాక కలం పట్టింది మనమే. ‘ఇక్కడ ఎవరూ లేరు, మేమూ ఆకాశమూ’ అని రాసినప్పుడు ఖాళీ చేయించిన ఊరిని ఇంకోసారి ఖాళీ చేయిస్తున్నాం. పోలవరంలో మునిగేలోపు ఒకసారి చూసొద్దామని పాపికొండలకు బృందాలుగా వెళ్లినప్పుడూ ఇదే చేశాం. కోయ, కొండరెడ్డి స్త్రీలు మన ఫోటోల్లో వెదురు బొంగుల్లో చికెన్ అమ్ముతూ ఉన్నారు, మన వాక్యాల్లో లేరు.

ఈసారి రచయిత్రుల సమావేశం సోమశిలలో పెడదామన్న ప్రతిపాదన ఉందని విన్నాను. పెట్టండి. మొదటి పూట వేదిక ముంపు ఊళ్ల ఆడవాళ్లకివ్వండి. పాటల కార్యక్రమం కింద కాదు, వక్తలుగా. మన అతిథులకిచ్చినట్టే వాళ్లకూ దారి ఖర్చులు, ఆ రోజు పోయిన కూలీ ఇవ్వండి. 98 జీవో జాబితాల్లో ఆడవాళ్లెందరని సమాచార హక్కు కింద మూడు జిల్లాల కలెక్టర్లకూ దరఖాస్తు పెడదాం, ఫీజు పది రూపాయలే. రాయడం రాని అవ్వల మాటలు రికార్డు చేయడానికి ఇద్దరు విద్యార్థినులు కావాలి, నేను తీసుకొస్తాను. ఇంతా అయ్యాక సాయంత్రం పడవ ఎక్కాలా, ఎక్కితే ఎటు పోవాలో వాళ్లనే అడుగుదాం. ఏ ఊరు ఎక్కడుందో దారి చూపించగలిగింది వాళ్లే.