చేతి బొమ్మ, కంప్యూటర్ బొమ్మ

మన ఇళ్లల్లో పిల్లలు ఈమధ్య కొత్త చదువొకటి అడుగుతున్నారు. కంప్యూటర్ ఆటల్లో కనపడే ఇళ్లు, కోటలు, మనుషుల్ని తయారుచేసే చదువు. పెద్దవాళ్లకేమో భయం. ఆటలకి ఫీజు కట్టడమేంటి, అది కూడు పెడుతుందా అని. నాకు తెలిసినంతలో ఆ పని మనకేం కొత్త కాదు.

మన టి. నగర్‌కి దగ్గర్లోనే వడపళని. అక్కడ విజయా వాళ్లు తీసిన మాయాబజార్ 1957లో వచ్చింది. అందులో ద్వారక పట్నం గుర్తుందా? 50 అడుగులకి 60 అడుగుల చోట్లో దాదాపు 300 బుల్లి ఇళ్లు పేర్చారు. కళ గోఖలే, కళాధర్ గార్లది. కెమెరా మార్కస్ బార్‌ట్లీ గారిది. దీపాల వెలుగు సరిగ్గా పడేసరికి చూసేవాళ్లకి నిజం పట్నమే అయింది. ఇవాళ ఆటలు చేసేవాళ్లూ ఇదే లెక్క చూస్తారు. దగ్గరి ఇంటికి నగిషీ ఎక్కువ, దూరపు ఇంటికి తక్కువ.

కొండపల్లి బొమ్మ చూడండి. తెల్ల పొణికి కర్రతో చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. తర్వాతే రంగు. కంప్యూటర్లోనూ ముక్కలు విడిగా చేసి కలుపుతారు. రంగు వేసేముందు బొమ్మ పైతోలుని దర్జీ జాకెట్టు ముక్కల్లాగా విప్పి పరుస్తారు. దాని మీద రంగులేసి మళ్లీ చుట్టేస్తారు. కొత్త గోడ పాతదిగా కనపడాలంటే సందుల్లో మసి, అంచుల్లో అరుగుదల చూపిస్తారు. చిన్న రైళ్లు, విమానాల నమూనాలు చేసేవాళ్లు బ్రష్షుతో చేసేదీ అదే.

జకార్డ్ మగ్గం చూసినవాళ్లకి ఇంకా సులువుగా తెలుస్తుంది. అట్టలో చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. గళ్ల కాగితం మీద పువ్వు గీసి అట్టలు కొట్టేవాళ్లం. కంప్యూటర్ తెర మీద బొమ్మ కూడా గళ్లే.

అందుకని పిల్లల్ని కసురుకోవద్దు. అట్లాగని నగలు తాకట్టు పెట్టి వెంటనే ఫీజూ కట్టొద్దు. ముందు అగ్గిపెట్టెలు, అట్టముక్కలతో మనం ఉండే ఇంటినే కొలిచి చిన్నదిగా కట్టమనండి. తర్వాత అవే కొలతలతో కంప్యూటర్లో కట్టమనండి. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. మూడు నెలలు విసుగు లేకుండా చేస్తే అప్పుడు చదువు సంగతి ఆలోచించొచ్చు. చేర్చేముందు అక్కడ చదివిన పిల్లలు చేసిన పని చూపించమని అడగండి. ఏసీ గదులు చూసి మోసపోవద్దు.

మిల్లు మూతపడ్డప్పుడు చేతిలో ఒకే మిషను పని ఉన్నవాళ్లు ఎక్కువ కష్టపడ్డారు. ఈ సాఫ్ట్‌వేర్లూ రేపు మారతాయి. కొలతా, రంగూ, వెలుగూ తెలిసిన పిల్లలు ఏది వచ్చినా నేర్చుకోగలరు. ఈ దసరా బొమ్మల కొలువులో వాళ్లు కట్టిన ఇల్లు ఒకటి పెట్టించండి.