ఎర్ర గులాబీల క్రింద

తుంగభద్ర ఒడ్డున మంత్రాలయము చేరిన యాత్రికుడు తొలుత మంచాలమ్మను దర్శించి, పిదప రాఘవేంద్రస్వామి బృందావనము చెంతకు పోవుట ఆచారము. 1671లో స్వామి సజీవముగా బృందావన ప్రవేశము చేసిన ఆ క్షేత్రమున పూర్వము ప్రహ్లాదుడు యజ్ఞము చేసెననియు, ఆ ప్రహ్లాదుడే రాఘవేంద్రులుగా అవతరించెననియు భక్తుల విశ్వాసము. ప్రహ్లాదుని కథ బడిలో ప్రతి పిల్లవాడును విన్నదే. తండ్రి ద్వేషమును నేర్పెను. గురువులు దానినే వల్లె వేయించిరి. ఏనుగులతో త్రొక్కించిరి, కొండల మీదినుండి త్రోయించిరి, విషము పెట్టిరి. అయినను ఆ బాలుని మనస్సున పగ మొలకెత్తలేదు. హింసకు గురియైన బాలుడు హింసకుడు కాకపోవుటయే ఆ కథలోని గొప్పతనము.

దీనికి తలక్రిందులైన కథ నొకదానిని తెలుగు ప్రేక్షకులు 1979లో చూచిరి. అది 'ఎర్ర గులాబీలు'. తమిళమున భారతీరాజా దర్శకత్వమున 1978లో వచ్చిన 'సిగప్పు రోజాక్కళ్' చిత్రమునకు తెలుగు రూపము. కమలహాసన్, శ్రీదేవి నాయికా నాయకులు, ఇళయరాజా సంగీతము. అంతకుముందు పల్లెటూరి కథలతో పేరు తెచ్చుకొన్న దర్శకుడు నగరపు బంగళాలోనికి అడుగు పెట్టి తీసిన చిత్రమిది. ఇందులో గొప్ప సెట్టింగులు లేవు, సైన్యములు లేవు, జనసందోహము లేదు. ఒక బంగళా, ఒక తోట, కొద్దిపాటి పాత్రలు, చీకటి, మౌనము, గుండె దడను పెంచు వాద్యధ్వని, వీనితోనే ప్రేక్షకుని కుర్చీ అంచున కూర్చుండబెట్టినది. 1980లో ఇదే కథను భారతీరాజాయే 'రెడ్ రోజ్' పేర హిందీలో తీసెను.

కథానాయకుడు ధనవంతుడు, అందగాడు, మాటకారి. అట్టివాడే యువతులను మభ్యపెట్టి తెచ్చి హత్య చేయును. శవములను తోటలో పూడ్చి వానిపై గులాబీ మొక్కలు నాటించును. బట్టల దుకాణములో పనిచేయు శారద అతనిని వలచి పెండ్లియాడి ఆ యింట అడుగు పెట్టిన పిదప, తలుపు వెనుక తలుపుగా నిజము బయటపడును. చిత్రము మధ్యమున అతని బాల్యము కనవచ్చును. దిక్కులేని పిల్లవాడొకడు పరుల పంచన చేరి, చేయని తప్పునకు నింద మోసి, దెబ్బలు తిని వీధిన పడెను. అతనిని చేరదీసినవాడు స్త్రీజాతిపై ద్వేషముతో రగులుచున్నవాడు. ఆదరణ కొరకు అలమటించుచున్న బాలునకు దొరికిన ఆదరణ విషము కలిసినది. అన్నముతోపాటు ద్వేషమును కూడ ఆ చేతి మీదుగనే అతడు తినెను. హిరణ్యకశిపుడు ఓడిన చోట ఈ పెంపుడు తండ్రి గెలిచెను.

ప్రపంచ చలనచిత్ర చరిత్రలో ఇట్టి కథలకు వంశవృక్షమున్నది. 1931లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ 'ఎమ్' అను చిత్రము తీసెను. బాలికలను చంపు హంతకుని రాకను తెలుపుటకు అందొక ఈలపాట చాలినది. హత్య తెరపై కనిపించదు. దొర్లిపోవు బంతి, తీగలకు చిక్కుకొనిన బుడగ మాత్రము కనిపించును. 1960లో హిచ్‌కాక్ 'సైకో' తీయునపుడు తన టెలివిజన్ ధారావాహిక సిబ్బందినే వాడుకొని, నలుపు తెలుపులలో, సుమారు 8 లక్షల డాలర్లతో ముగించెను. హాలీవుడ్ లెక్కలలో అది స్వల్ప వ్యయము. అదే సంవత్సరము ఇంగ్లండులో మైకేల్ పావెల్ 'పీపింగ్ టామ్' తీసెను. అందలి హంతకుని తండ్రి శాస్త్రవేత్త. భయమును పరిశోధించుటకై కన్నకొడుకునే బెదరించి, ఆ భయమును కెమెరాలో బంధించినవాడు. పెరిగిన కొడుకు పరుల భయమును కెమెరాలో పట్టుటకే హత్యలు చేయును. 'ఎర్ర గులాబీలు' ఈ కుదుటికి చెందిన చిత్రము. ధనము తక్కువైన చోట ఊహకు పని యెక్కువగును. చూపిన దానికంటె చూపనిది ఎక్కువ భయపెట్టును. కథలు వ్రాయ నేర్చుకొను విద్యార్థులకు ఇందొక మంచి పాఠమున్నది.

అయినను ఈ చిత్రమును పొగడి విడుచుట న్యాయము కాదు. బాలుని పతనమునకు కారణముగా చిత్రము చూపినది ఇద్దరు స్త్రీల నడత. ఒకతె నింద మోపినది, మరియొకతె వంచించినది. అందులకు శిక్ష అనుభవించినవారో, ఆ యిద్దరితో ఏ సంబంధమును లేని యువతులు. వారికి ఊరు లేదు, ఇంట ఎదురుచూచు తల్లి లేదు. హంతకుని బాల్యమునకు కన్నీరు పెట్టించిన చిత్రము, గులాబీల క్రింద ఉన్నవారి బాల్యమును ఒక్క నిమిషమైనను చూపలేదు. జాలి యంతయు ఒకవైపే పోయినది. సంస్కారవంతుడైన ప్రేక్షకుడు ఈ లోటును గమనింపవలెను.

నిజజీవితము ఇంకను భిన్నము. బొంబాయిలో రామన్ రాఘవ్ అనువాడు కాలిబాటలపైనను, గుడిసెలలోను నిద్రించు నిరుపేదలను చంపి 1968లో పట్టుబడెను. అతనికి మరణదండన విధింపబడెను. తీరని మనోవ్యాధి కలదని వైద్యులు తేల్చుటచే 1987లో అది యావజ్జీవ శిక్షగా మారెను. 1995లో అతడు మరణించెను. అందు బంగళా లేదు, గులాబీ తోట లేదు, పాట లేదు. ఆదుకొను వారు లేని పేదలు నిద్రలోనే పోయిరి. సినిమా హంతకునకు తొడుగు సొగసు నిజమైన హత్యకు లేదు. అట్లే, మనోరోగి యనిన హంతకుడే యను అపోహయు ఇట్టి చిత్రములు విత్తిన కలుపు మొక్క. మనోవ్యాధితో బాధపడు వారిలో అత్యధికులు ఎవరికిని హాని చేయరు. తామే పరుల హింసకు గురియగుచుందురు. చికిత్స పొందుట వారి హక్కని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది.

కర్నూలు, కడప సీమల పాఠకులకు ఈ విషయమున ఇంకొక బాధ్యత కలదు. 1999లో 'సమరసింహా రెడ్డి', 2002లో 'ఇంద్ర' మొదలగు చిత్రముల పిదప రాయలసీమ యనగానే వేటకొడవలి, నాటు బాంబు, ఎగిరిపడు జీపులు అను బొమ్మ తెలుగు తెరపై స్థిరపడెను. 'ఎర్ర గులాబీలు'లో ఒక హత్య జరుగునపుడు ప్రేక్షకుడు వణకును. ఆ చిత్రములలో పది తలలు తెగిపడునపుడు చప్పట్లు కొట్టును. ఈ రెంటిలో పిల్లల మనస్సునకు ఏది ఎక్కువ కీడు? హంతకుని హంతకుడని చూపు చిత్రము కంటె, హంతకుని వీరుడని చూపు చిత్రమే అపాయకరమని చెప్పక తప్పదు. నీటి చుక్కకై ఆకాశము వంక చూచు సీమను నెత్తురు సీమగా చిత్రించుట చూచి ఇక్కడి పిల్లలే ఈలలు వేయుట అంతకంటెను విచారకరము.

ఒకప్పుడు డేరా సినిమా ద్వారమున నిలిచిన టిక్కెట్టు మనిషి చిన్నపిల్లలను ఆపగలిగెడివాడు. 'ఏ' యోగ్యతా పత్రము పొందిన చిత్రమును 18 ఏండ్లు నిండనివారికి ప్రదర్శింపరాదని 1952 నాటి చట్టము విధించినది. 2023లో జరిగిన సవరణచే 7, 13, 16 ఏండ్ల తరగతులును ఏర్పడినవి. కాని నేడు ఆ ద్వారము పిల్లవాని అరచేతిలోని ఫోనులో ఉన్నది. అచట టిక్కెట్టు మనిషి లేడు. నిషేధించుటచే పని తీరదు. పెద్ద తరగతుల విద్యార్థులతో ఉపాధ్యాయుడు మాటాడవలెను. ఈ కథలో ఎవరికై కన్నీరు పెట్టితివి? ఎవరిని మరచితివి? ఎచట చప్పట్లు కొట్టితివి, ఏల? ఈ మూడు ప్రశ్నలు వేయగలిగినచో భయపెట్టు చిత్రము కూడ బుద్ధి గరపును.

అంతకంటె ముఖ్యమైన ప్రశ్న ఉపాధ్యాయుడు తన్ను తాను వేసికొనవలసినది. తెరమీది బాలుడు చేయని తప్పునకు దెబ్బలు తినినపుడు అడ్డుపడిన పెద్దవాడు ఒక్కడును లేడు. బడిలో పలక పోయినదనియో, డబ్బులు పోయినవనియో నింద పడగానే అందరి కన్నులు ముందుగా ఏ పిల్లవాని వైపు తిరుగును? తల్లిదండ్రులు వలసపోగా అవ్వ వద్ద మిగిలినవాడు, చిరిగిన చొక్కావాడు, మాటాడనివాడు. అవమానింపబడిన ప్రతి పిల్లవాడును హంతకుడు కాడు. అట్లనుట సినిమా అతిశయోక్తి. కాని అవమానము ఊరకే పోవునదియు కాదు. ఒక్కొక్కరి యందు అది చదువుపై విరక్తియగును, ఒక్కొక్కరి యందు కోపమగును, ఒక్కొక్కరి యందు జీవితముపైననే రోత యగును. అట్టివారి కొరకు 2022 నుండి ప్రభుత్వము 14416 అను టెలీమానస్ సంఖ్యను నడుపుచున్నది. దానికంటె ముందు, చేరువలో పలుకరించు గొంతు ఉపాధ్యాయునిది.

ప్రహ్లాదుని గురువులు చండామార్కులు రాజుగారి ద్వేషమునే పాఠముగా చెప్పిరి. ఆ బాలుడు నిలిచినది వారి వలన కాదు. గర్భమున నున్నపుడే నారదుని నోట విన్న మంచి మాట వలన. ఒక్క మంచి మాట చెవిని పడిన పిల్లవానికి ఏనుగు పాదముల క్రిందను ధైర్యము మిగిలినది. ఆ మాట చెప్పు నారదుడు ప్రతి బడిలోను ఉండవలెను. 'ఎర్ర గులాబీలు'లోని పిల్లవానికి అతడు దొరకలేదు. ఆ చిత్రమునందలి అసలు భయము అదియే.