నారుకి టైం చూసి నీళ్ళు పొయ్యొద్దు

పైన వీడియోలో రెండు మిరప ట్రేలు చూశారు కదా. ఒకే విత్తనం, ఒకే కొబ్బరి పొట్టు. ఒక ట్రేలో నారు నిటారుగా ఉంది, రెండో దాంట్లో మొదలు మెత్తబడి పడిపోయింది. తేడా నీళ్ళలోనే.

సూటిగా చెప్తా. మన నెల్లూరు తీరంలో నారు ఎండి చచ్చేది తక్కువ. తడి ఎక్కువై, ఉప్పెక్కి చచ్చేదే ఎక్కువ. మనవాళ్ళేమో నారు వాడగానే జీవామృతం ఇంకో విడత పోస్తా ఉంటారు. తప్పు నీళ్ళలో ఉంటే జీవామృతం ఏం చేస్తుంది?

ముందు తడి సంగతి. కొబ్బరి పొట్టు పైన ఎండినట్టున్నా అడుగున చెమ్మ ఉంటుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అని లెక్క పెట్టి పోస్తే నారుకుళ్ళు తెగులుని మనమే పిలిచినట్టు. ట్రే చేత్తో లేపి చూడండి. బరువుంటే వదిలేయండి, తేలికైతేనే రోజ్ క్యాన్‌తో సన్నగా పోయండి. అదీ పొద్దునపూటే. రాత్రికి ఆకులు ఆరి ఉండాలి. షేడ్‌నెట్ వానని ఆపదు, ముసురు రోజుల్లో పైన పాలిథిన్ షీటు కప్పాలి. నాటే ముందు వారం నీళ్ళు తగ్గిస్తే మొక్క గట్టిపడుతుంది.

ఇక ఉప్పు. విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు సముద్రం పక్క ఊళ్ళలో చాలా బోర్ల నీళ్ళు నోట్లో పోసుకుంటేనే తెలిసిపోతుంది. నీటి ఈసీ 1 దాటితే మిరప దిగుబడి తగ్గడం మొదలవుతుంది. లేత నారుకి ఇంకా కష్టం. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు ట్రేలోనే మిగిలిపోతుంది. కొబ్బరి పొట్టులో కూడా ఉప్పుంటుంది కాబట్టి మంచి నీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి వాడండి.

"మంచి నీళ్ళు ఎక్కడ తెచ్చేది?" అంటారా? లెక్క వేద్దాం. 12 వేల మొక్కలకి 98 గుంతల ట్రేలు 125 దాకా పడతాయి. ట్రేకి రోజుకి లీటరు చొప్పున వేసినా 40 రోజులకి 5,000 లీటర్లు. 100 చదరపు మీటర్ల రేకుల కప్పు మీద 60 మిల్లీమీటర్ల వాన పడితే 6,000 లీటర్లు. మన జిల్లా వానలో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపే కురుస్తుంది. వాయుగుండం పడితే అంత వాన ఒక్క రోజులోనే రావచ్చు.

పొలమంతటికీ వాన నీళ్ళు దాచలేం, నారుకి మాత్రం దాచగలం. నేనైతే ట్రేలు కొనే ముందు ట్యాంకు కొనమంటాను. నమ్మకం కుదరకపోతే ఈసారి రెండు ట్రేలకి మీ బోరు నీళ్ళు, రెండిటికి వాన నీళ్ళు పోసి 20 రోజులు చూడండి.