మాల్ గేటు దాటితే నడక గండమేనా?

చీర మాల్‌లో కొంటాం. దానికి ఫాల్ కుట్టించి, పికో చేయించాలన్నా, మ్యాచింగ్ జాకెట్ గుడ్డ తేవాలన్నా పక్క సందులోకి వెళ్లాల్సిందే. గాజులు, పూలు సరేసరి. ఆడవాళ్ల బజారు పని ఒక్క కొట్లో తెమిలేది కాదు కదా! కానీ మాల్ నుంచి ఆ సందు దాకా నడవడమే పెద్ద గండం. ఫుట్‌పాత్ నిండా స్కూటర్లు, పక్కన మూత లేని కాల్వ, ఎంతకీ ఆగని వాహనాలు. చివరికి కూతవేటు దూరానికి కూడా ఆటో ఎక్కుతాం.

మాల్స్ ఉన్న చోట్లను నడిచే పేటలుగా మార్చాలంటే, "కార్లు రాకపోతే బేరాలెలా?" అని వ్యాపారులు అడుగుతారు. పట్టుచీరల కోసం మనవాళ్లూ వెళ్లే చెన్నై టి.నగర్ చూడండి. అక్కడి పాండీ బజారులో కాలిబాటలు బాగా వెడల్పు చేసి, కూర్చోవడానికి బల్లలు వేసి 2019లో ప్రారంభించారు. కార్ల కోసం దగ్గర్లోనే అంతస్తుల పార్కింగ్ కట్టారు. అంటే కార్లను పొమ్మనలేదు, పక్కకు జరగమన్నారంతే.

అయితే నా భయం వేరే ఉంది. మనవాళ్లు నునుపు రాళ్లు పరిచి, రంగు దీపాలు పెట్టి పని అయిపోయిందనుకుంటారేమోనని! మాల్‌లో మనకు హాయిగా ఉండేది ఏసీ ఒక్కటే కాదు. శుభ్రమైన టాయిలెట్, కూర్చునే చోటు, వెలుతురు. ఇవి బయట వీధిలోనూ ఉండాలి. కాలిబాటపై కనీసం 1.8 మీటర్లు అడ్డంకుల్లేకుండా ఉండాలని, గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే చెప్పింది. మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని, చంటిపిల్లను వెంటబెట్టుకుని నడిచేవాళ్లకు ఆ కొలతల విలువ తెలుస్తుంది.

ఇంకో మాట. నడిచేవాళ్ల పేరు చెప్పి పూలమ్మే ఆమెను, జామకాయల తోపుడు బండిని తరిమేయకూడదు. పొద్దుపోయాక వీధిలో వాళ్లుంటేనే మనకూ ధైర్యం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది ఆ వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. వాళ్లలో మూడో వంతు స్త్రీలుండాలి. మరి మీ ఊరి కమిటీలో ఎంతమంది ఉన్నారో ఎప్పుడైనా అడిగారా?

బజారుకు ఎక్కువగా వెళ్లేది మనం. సంచులు మోసేదీ మనమే. అలాంటప్పుడు ఆ బజారు ప్లాను మనల్ని అడగకుండా గీస్తే ఎలా? ఈసారి మీ కార్పొరేటరో, కౌన్సిలరో ఎదురైతే కొత్త మాల్ ఎప్పుడొస్తుందని కాదు, దాని ముందు కాలిబాట ఎప్పుడు వేస్తారని అడగండి. ఒక్కరు అడిగితే నవ్వి ఊరుకోవచ్చు. పదిమంది అడిగితే కాగితం మీదైనా రాసుకోక తప్పదు.