మన ఆరోగ్యం: ఆపరేషను గదిలో వెచ్చదనం

గర్భసంచి ఆపరేషను అయి బయటికి వచ్చిన ఆడమనిషి గడగడ వణుకుతూంటే, జ్వరం తగిలిందేమోనని ఇంటివాళ్లు కంగారుపడతారు. చాలాసార్లు అది జ్వరం కాదు, ఒళ్లు చల్లబడడం. సుమారు 900 మీటర్ల ఎత్తునున్న హోసూరులో చలి సహజమే అనుకొంటాము. ఎండ కాసే కృష్ణగిరిలోనూ ఇది జరుగుతుంది సుమా!

శరీరం లోపలి వేడిమి సుమారు 37 డిగ్రీల సెంటిగ్రేడు. చలివేస్తే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకొని ఆ వేడిని లోపలే నిలుపుతాయి. మత్తుమందు ఇచ్చినా, వెన్నులో సూది వేసినా ఆ కట్టు సడలి, లోపలి వేడి కాళ్లకూ చేతులకూ పారుతుంది. మొదటి గంటలోనే ఒక డిగ్రీ దాకా తగ్గవచ్చు. తెరచిన పొట్ట, చల్లని సెలైను, చల్లని గది దానికి తోడు.

వేడిమి 36కు దిగువకు పోతే రక్తం సరిగా గడ్డకట్టదు, గాయం త్వరగా మానదు. 1996లో వెలువడిన ఆస్ట్రియా పరిశోధనలో 200 మందికి పెద్దపేగు ఆపరేషను జరిగింది. గాయం చీముపట్టినవారు వెచ్చగా ఉంచినవారిలో నూటికి 6 గురు, చల్లబడినవారిలో 19 మంది! ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2016లో ఆపరేషను సమయాన రోగిని వెచ్చబరచే సాధనాలు వాడమన్నది.

కనుక నర్సమ్మ పని వణుకు పుట్టాక కాదు, ముందే మొదలుకావాలి. ఆపరేషనుకు అరగంట ముందునుంచి వెచ్చని గాలి నింపే దుప్పటి కప్పడం, అవసరమైన మేరకే ఒళ్లు తెరచి ఉంచడం, సెలైనునూ పొట్ట కడిగే నీళ్లనూ వెచ్చజేయడం, తడిసిన గుడ్డలు వెంటనే మార్చడం, అరగంటకొకసారి వేడిమి చూడడం ఆమె చేసే సేవ. కంటికి కనబడని ఈ సేవ మందుతో సమానం.

ఇంటివాళ్లు చేయవలసినవి రెండు. మన ఆడవాళ్లు ఇబ్బందిని దిగమింగుకొంటారు. చలివేస్తే మొగమాటపడక చెప్పమని ముందే చెప్పి పంపండి. ఆపరేషను తరువాత వణుకుతూంటే నర్సమ్మను పిలవండి, జ్వరమా చలియా ఆమె చూసి చెబుతుంది. అంతేగాని ప్రేమకొద్దీ వేడినీళ్ల సంచి కాళ్ల దగ్గర పెట్టవద్దు. వెన్నులో సూది వేసినవారికి కాళ్లు తిమ్మిరిగా ఉంటాయి. చర్మం కాలి బొబ్బలెక్కినా వారికి తెలియదు. పొడి దుప్పటి, మేజోళ్లు, తలకు ఒక శాలువ చాలు.